ముందే రాసిన మినిట్స్

టైలరమ్మను చర్చి ట్రస్టు కమిటీలోకి తీసుకోవడానికి కారణం ఒక్కటే. ఎప్పుడు చూసినా ఆవిడ నోట్లో గుండుసూదులుంటాయి, ఇక మాట్లాడేదేముందని అధ్యక్షుడి ధీమా.

ఆ సాయంత్రం ఆరింటికి మీటింగు. ఎలాగూ కమిటీ గదికి పరదాలు కుట్టాలి, కిటికీల కొలతలు తీసుకుందామని ఆవిడ అరగంట ముందే వచ్చింది. బల్ల మీద, సభలో జరిగింది రాసిపెట్టే మినిట్స్ పుస్తకం తెరిచి ఉంది. కళ్లు ఊరుకోలేదు.

‘హాలుకు రంగులు వేసే పని అధ్యక్షులవారి అల్లుడికి ఇవ్వాలని కోశాధికారి ప్రతిపాదించగా, టైలరమ్మ సంతోషంగా బలపరిచారు. ఆరూ నలభైకి ప్రార్థనతో సభ ముగిసింది.’

గడియారం చూస్తే ఇంకా ఐదూ ముప్పై ఐదే!

‘ఓహో, నేను అప్పుడే సంతోషపడిపోయానన్నమాట!’ అనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు, కోపమూ ఆగలేదు.

పాస్టరుగారు రాగానే మీటింగు మొదలైంది. కోశాధికారి గొంతు సవరించుకున్నాడో లేదో, ఆవిడ అందుకుంది.

“రంగుల పని అల్లుడుగారికి ఇద్దామంటారు, అంతేనాండీ?”

“మీకెలా తెలుసమ్మా?”

“తర్వాత నేను సంతోషంగా బలపరచాలి. కానీ అయ్యగారూ, నాకింకా సంతోషం రావడంలేదు. ఏం చెయ్యమంటారు?” అంది పాస్టరుగారితో.

కార్యదర్శి పుస్తకాన్ని గబుక్కున ఒళ్లోకి లాక్కున్నాడు. పాస్టరుగారు చెయ్యి చాచి తీసుకుని చదివారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“ఎన్నాళ్లనుంచి ఇలా?”

“టైం కలిసొస్తుందనీ...” నసిగాడు కార్యదర్శి.

“చదవకుండా సంతకాలు పెట్టింది నేను. తప్పు నాది కూడా,” అన్నారు పాస్టరుగారు.

అధ్యక్షుడికి రోషం వచ్చింది. “మా అల్లుడి పనితనం మీద అనుమానమా అమ్మా?”

“అయ్యో, ఆ అబ్బాయి మీద కాదు బాబాయిగారూ. ఇది పదిమంది ఇచ్చినదాంతో నడిచే సంస్థ. ఇంకో ఇద్దర్ని కూడా రేటు అడుగుదాం. తేల్చేటప్పుడు మీరు కాసేపు బయట కూర్చోండి. కుట్టు పోటీలో మా చెల్లెలుంటే నన్ను జడ్జీగా ఒప్పుకుంటారా మీరు?”

అధ్యక్షుడు గొణుక్కుంటూనే తలూపాడు.

మరుసటి వారం మూడు రేట్లు వచ్చాయి. అధ్యక్షుడు వరండాలో బెంచీ మీద కూర్చుని, తననెవరూ మరిచిపోకుండా నిమిషానికోసారి దగ్గాడు. లోపల కార్యదర్శి, “మెల్లగా చెప్పండమ్మా, చెయ్యి లాగేస్తోంది,” అంటూ చెమటలు కక్కుతూ జరిగింది జరిగినట్టు మినిట్స్ రాశాడు.

తలుపు తీసేసరికి, దానికి చెవి ఆనించి నిలబడ్డ అధ్యక్షుడు తూలి లోపలికి వచ్చిపడ్డాడు.

“మీ అల్లుడిదే తక్కువ రేటు. పని అతనికే,” అంది టైలరమ్మ.

“ఈ మాత్రానికి నన్ను అరగంట బయట కూర్చోబెట్టాలా?”

“కూర్చోబెట్టాం కాబట్టే రేపు నిచ్చెనెక్కితే అతన్ని ఎవరూ వేలెత్తి చూపరు,” అన్నారు పాస్టరుగారు.

అధ్యక్షుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“సరేలెండి. ఇంతకీ, నేను లేనప్పుడు టీ తాగేశారా?”