ఐదు నల్ల బొమ్మలు

ఆట రాయడం ఒక ఎత్తు, దాన్ని జనంలోకి పంపడం ఒక ఎత్తు. ఆ రెండో ఎత్తు దగ్గర చెల్లెలి తలప్రాణం తోకకొచ్చింది.

పగలంతా టైల్స్ కొట్లో బిల్లులు కొట్టి, మిగిలిన సమయమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, రెండేళ్లలో ఆమె ఒక్కతే ఒక గేమ్ తయారుచేసింది. అందులో ఆడేవాళ్లు ప్లంబర్లు. నాలుగంతస్తుల మేడలో ఎక్కడో నీళ్లు కారుతుంటాయి. ఆ చప్పుడు పట్టుకుని గది గదీ తిరిగి, కారే చోటు కనిపెట్టాలి. తెర మీద మాత్రం ఏమీ కనబడదు, మొదటినుంచి చివరిదాకా కటిక నలుపే. ఎందుకంటే ఆమె ఆ ఆట రాసింది అక్క కోసం. అక్కకు పుట్టుకతోనే చూపు లేదు.

అక్క నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతుంది. పొద్దస్తమానం జనం చేత తిట్లు తిని ఇంటికొచ్చి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, "మూడో అంతస్తులో చప్పుడు గోడలోంచి రావట్లేదే, గాల్లోంచి వస్తోంది, సరిచెయ్యి" అని చెల్లెల్ని సతాయించేది. సగం ఆట ఆవిడ చెవుల చలవే.

ఇప్పుడు ఆవిడకు ఒక్కటే కోరిక. చూపు లేని తన స్నేహితులు ఎవరి సాయమూ అడక్కుండా, తమంతట తామే ఈ ఆటను తమ కంప్యూటర్లలోకి దించుకోవాలి. మొదట ఈమెయిల్లో పంపి చూశారు. టైపిస్టుగా పనిచేసే స్నేహితురాలి కంప్యూటర్ అదేదో వైరస్ అనుకుని అడ్డం పడింది. పాపం ఆవిడ పక్కింటాయన్ని పిలిచింది. ఆయన ఆట తెరిచి, నల్లటి తెర చూసి, "ఇది చెడిపోయిందమ్మా" అని తనే తీసేసి, పుణ్యం కట్టుకున్నంత తృప్తిగా వెళ్లిపోయాడు.

అందుకని పేరున్న ఆన్‌లైన్ స్టోర్‌లోనే పెట్టాలనుకున్నారు. అక్కడ వైరస్ గొడవ ఉండదు. తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటే ఎవరి ఆట వాళ్లే దించుకోవచ్చు. కానీ స్టోర్ దరఖాస్తులో, ఆటలో కనిపించే ఐదు దృశ్యాలు జతచేయాలని ఉంది. చెల్లెలు ఐదు నల్ల బొమ్మలు జతచేసింది. రెండో రోజుకే జవాబు వచ్చింది: "మీ చిత్రాలు ఖాళీగా ఉన్నాయి. తిరస్కరించాం." ఇది చూపు లేనివాళ్ల ఆట మహాప్రభో అని పెద్ద ఉత్తరం రాసి మళ్లీ పంపింది. ఉత్తరం ఎవరు చదివారో ఏమో, అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు. మూడోసారి కూడా కాదన్నారంటే ఏడాది దాకా గుమ్మం తొక్కనివ్వరట.

అప్పుడు అక్క భర్త, బావ, రంగంలోకి దిగాడు. ఆయనకు ఫొటో స్టూడియో ఉంది. గుర్తింపు కార్డుల కోసం వచ్చేవాళ్ల మొహాలకు మెరుగులు దిద్దడంలో చెయ్యి తిరిగినవాడు.

"ఇంజినీరుగారూ, ఇంత చిన్నదానికి అంత దిగులెందుకు? వాళ్లకి కావలసింది బొమ్మలేగా. నేను చేసిస్తాను" అన్నాడు మరదలితో.

ఒక్క పూటలో చేసేశాడు. తడి మెట్లు, ఎర్ర గోడలు, పసుపు దీపం కింద తుప్పు పట్టిన పైపు. ఉన్నమాట చెప్పుకోవాలి, అద్భుతంగా ఉన్నాయి. చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. ఇక పంపడమే తరువాయి అనుకుంటుండగా అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"వాటిల్లో ఏముందో చెప్పు."

చెల్లెలు ఒక్కో బొమ్మనూ వర్ణించింది. అక్క చివరిదాకా వింది.

"ఆ మేడ నాకు తెలీదు" అంది. "రెండేళ్లుగా నేను తిరుగుతున్న మేడకి ఎర్ర గోడల్లేవు. అసలు ఏ రంగూ లేదు. ఈ బొమ్మలు చూసి కొనుక్కున్నవాళ్లు, లోపల అంతా నల్లగా ఉంటే మనల్ని దొంగలంటారు. అంటే తప్పు కూడా కాదు."

"మరేం చెయ్యమంటావు? ఏడాది ఆగమంటావా?" చెల్లెలికి ఒళ్లు మండింది. నోటి దగ్గరకొచ్చిన ముద్ద జారిపోతుంటే మండదా మరి.

"నీ నల్ల బొమ్మలే పంపు. ఒక్కోదాని కింద నేను చెప్పింది రాయి."

బావ తన బొమ్మల వంక బెంగగా చూసుకున్నాడు. "సరే, కనీసం ఆ నలుపయినా నన్ను చెయ్యనివ్వండి. మీది బూడిద రంగులో ఉంది" అన్నాడు.

అక్క చెప్పింది, చెల్లెలు రాసింది. ఒకటో బొమ్మ: మెట్ల దగ్గర నిలబడ్డారు, ఎడమ చెవిలో నీటిబొట్టు, కుడి చెవిలో ఎవరో గిన్నెలు తోముతున్నారు. రెండో బొమ్మ: తలుపు వేశారు, గిన్నెలు ఆగాయి, బొట్టు ఆగలేదు. అలా నాలుగు. ఐదోదాని కింద, "ఇక్కడినుంచి మీరే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి" అని రాయించింది.

పంపే మీట చెల్లెలు నొక్కింది. ఆ తర్వాత ఎనిమిది రోజులు ఆమె కొట్లో ఎవరికి ఏ బిల్లు ఇచ్చిందో ఆమెకే తెలియదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, టైల్స్ పెట్టెల మధ్య నిలబడి జవాబు చదువుకుంది. అక్క డ్యూటీలో ఉంటే సెల్‌ఫోన్ ఎత్తదు. అందుకని ఫిర్యాదుల నంబరుకే ఫోన్ చేసింది.

"నీటి సరఫరా ఆఫీసు, మీ ఫిర్యాదు చెప్పండి."

"ఫిర్యాదు నాది కాదక్కా, స్టోర్‌వాళ్లది. చదువుతాను విను. 'మీ ఆటను అనుమతిస్తున్నాం. ఒక్క సవరణ చేయగలరు. ఆట గంటలో పూర్తవుతుందని రాశారు. నేను మూడు గంటలుగా రెండో అంతస్తులోనే తిరుగుతున్నాను.'"

అక్క ఇంకోసారి చదివించుకుంది.

"కొత్త చెవులు కదా, పాపం" అంది అక్క చివరికి.

ఆట స్టోర్‌లోకి వచ్చిన మూడో రోజు టైపిస్టు స్నేహితురాలు అక్కకు ఫోన్ చేసింది.

"ఎవర్నీ పిలవలేదే. వెతకడం, దించుకోవడం, అన్నీ నేనే చేసుకున్నాను. ఇప్పుడు మొదటి అంతస్తులో ఉన్నాను" అంది.

అక్కకు ఏడుపు ఆగలేదు. చెల్లెలు భుజం పట్టుకుంటే ఇంకా ఎక్కువైంది.

"కాసేపు ఏడవకుండా ఉండవే తల్లీ" అని విసుక్కుంది ఫోన్లో ఆవిడ. "నీళ్ల చప్పుడు ఎటునుంచి వస్తోందో వినబడటం లేదు."