పరంజ్యోతి కుట్టిన బొంత

ఎండాకాలం మొదట్లో రజాయిలన్నీ మూటగట్టి దూది ఏకించడానికి పంపడం కువైట్‌లోని ఆ ఇంట్లో ఏటేటా జరిగేదే. పనివాళ్లంతా మామా అని పిలిచే యజమానురాలు గుమ్మంలో నిలబడి అరబ్బీలో "కుల్లు" అంది. అన్నీ అని. పనిమనిషి సుందరమ్మ అన్నీ కట్టింది. తన గదిలో పెట్టె మీదున్న సొంత బొంత కూడా తెచ్చి కట్టింది. పదకొండేళ్లుగా చెప్పింది చెప్పినట్టు చేస్తున్న చేతులకి నీది, నాది అని తేడా తెలుస్తుందా ఏమిటి?

పది రోజుల తర్వాత రాజోలు నుంచి చెల్లెలు పరంజ్యోతి వీడియో కాల్ చేసి, "బొంతేదక్కా, ఓసారి చూపించు" అన్నప్పుడు గానీ అది లేదన్న సంగతే తెలియలేదు.

ఆ బొంతలో దూది లేదు. సుందరమ్మ కూతురు జాయ్సీ బట్టలున్నాయి. పదిహేనేళ్ల పిల్ల, నిరుడు విషజ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. తల్లికి కబురు అందినప్పుడు ఆమె ఇస్త్రీ చేస్తోంది. మామా మనసున్న మనిషే, టికెట్టు తీస్తానంది. విమానం దిగేసరికి సమాధి అయిపోతుందని తేలాక, మట్టిదిబ్బ చూడ్డానికి అంత దూరం ఎందుకని సుందరమ్మే వద్దంది. ఆ ఇంటి మగాళ్లు తొడుక్కునే పొడుగు దిష్దాషాలు మిగిలితే వాటికి కూడా ఇస్త్రీ చేసింది. ఏడుపు రాలేదు. ఇవాళ్టికీ రాలేదు.

పోయినవాళ్ల బట్టలు పారేయకుండా బొంత కుట్టుకోవడం వాళ్ల ఇంట్లో అలవాటు. పరంజ్యోతి పిల్ల బట్టలు వరసలుగా పరిచి, పైన తన మెరూన్ చీర వేసి కుట్టి, కువైట్ వచ్చేవాళ్లతో పంపింది. సుందరమ్మ దాన్ని ఒక్కరోజు కూడా కప్పుకోలేదు. ఉందంటే ఉంది, అంతే.

శనివారం బొంత వెతికి తెచ్చుకోమని మామా కారిచ్చి పంపింది. డ్రైవరు చిన్నరాజం జగిత్యాల మనిషి, నోరు ఊరుకోదు. మండే ఎండకి స్టీరింగు పట్టుకోలేక తువ్వాలు చుట్టాడు.

మూట ఇచ్చింది బ్నీద్ అల్ గార్‌లో లాల్ బాషా కొట్టులో. ఆయనది రాయచోటి. పుస్తకం తిరగేసి, "మా మిషను చెడిపోయిందిమ్మా. మీ మూట షర్క్‌లో మావాళ్ల అంగడికి పంపిచ్చినా. ఆడికి పోండి, నేను ఫోన్ చేస్తా" అన్నాడు. చల్లటి నీళ్ల సీసాలు రెండు చేతిలో పెట్టాడు.

"ఎట్ల గట్టినవక్కా చూసుకోకుంట?" కారెక్కగానే మొదలెట్టాడు చిన్నరాజం.

"ఏమో తమ్ముడూ."

"బిడ్డ బట్టలాయె. దొరకకపోతే ఎట్ల?"

"దొరికితే దొరుకుద్ది."

ఆ జవాబుకి అతనికి ఒళ్లు మండింది. హారన్ మీద చూపించాడు కోపమంతా. సుందరమ్మకీ తెలుసు, ఇలాంటప్పుడు గుండె దడదడలాడాలని. చెయ్యి పెట్టి చూసుకుంది. మామూలుగానే కొట్టుకుంటోంది.

లాల్ బాషా ఫోన్ ఇంకా అందలేదేమో, షర్క్ కొట్టువాడు వీళ్లు కొనడానికి వచ్చారనుకుని గులాబీల మఖ్మల్ రజాయిలు పరిచేశాడు. సుందరమ్మ ఒక్కొక్కటీ తడిమి చూసింది. మెత్తగానే ఉన్నాయి. చిన్నరాజం హిందీలో అసలు సంగతి చెబితే, మూట సబ్హాన్‌లోని వర్క్‌షాపుకి వెళ్లిందన్నాడు. అక్కడ పాత రజాయిలు విప్పి, లోపలిదంతా మిషనులో ఏకుతారట.

"విప్పుతరా?" చిన్నరాజం పరుగున కారెక్కాడు.

వర్క్‌షాపులో వసీమ్ అనే పనివాడు కనుబొమల నిండా దూదితో ఎదురొచ్చాడు. అప్పటికే ఏడు రజాయిలు కట్టి ఉంచాడు. ఎనిమిదోది విడిగా తెచ్చి, ఆమె చేతుల్లో ఎంతో మురిపెంగా పెట్టాడు. పైన అదే మెరూన్ చీర. లోపల మాత్రం తలగడలా ఉబ్బిపోయి ఉంది.

ఎవరో నిన్ను మోసం చేశారమ్మా, అన్నాడు హిందీలో. ఇందులో దూదే లేదు, అన్నీ పాత పీలికలే. చూసి జాలేసి కొత్త దూది నింపాను. పీలికలు నిన్ననే చెత్త లారీలో వెళ్లిపోయాయి.

చిన్నరాజం అతని మీదికి పోబోతే సుందరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆయనకేం తెలుసు తమ్ముడూ. మూటలో కట్టింది నేనే కదా."

బొంతని ఒత్తి చూసింది. మెత్తగా లోపలికి పోయింది వేలు. నొప్పి తెలుస్తుందేమోనని కాసేపు అలాగే ఒత్తి పట్టుకుంది. ఏమీ తెలియలేదు. వసీమ్‌కి షుక్రన్ అని థాంక్సు చెప్పి వెనక్కి తిరిగింది.

మిషను పిడికి ఒక గుడ్డ వేలాడుతోంది, చేతులు తుడుచుకోవడానికి. నీలం స్కూలు లంగా ముక్క. అంచు వెంబడి ఆకుపచ్చ దారం కుట్టు.

కిందటిసారి సెలవు మీద ఊరికి వెళ్లి, తిరిగొచ్చే రోజు పొద్దున ఆ అంచు విప్పి లంగా పొడుగు పెంచింది సుందరమ్మే. నీలం దారం అయిపోతే ఆకుపచ్చది ఎక్కించింది. అందరూ నవ్వుతారని జాయ్సీ మూతి ముడుచుకుంది. మళ్లీ వచ్చినప్పుడు నీలం దారంతో కుడతానులే అని చెప్పి, సుందరమ్మ విమానం ఎక్కేసింది.

"అది నాకివ్వు" అంది. వసీమ్ నొచ్చుకుని, మురికిదమ్మా, శుభ్రమైనది ఇస్తానన్నాడు. ఆమె అప్పటికే దాన్ని తీసేసుకుంది.

కొత్త బొంత వెనక సీట్లో ఎనిమిదింటిలో ఒకటిగా పడుంది. లంగా ముక్క సుందరమ్మ ఒళ్లో ఉంది. మిషను నూనె నల్లగా పట్టేసి, ఆకుపచ్చ దారం అక్కడక్కడే కనిపిస్తోంది. ఆమె మరకని బొటనవేలితో రుద్దింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దింది.

"చూడు, ఎలా చేసుకొచ్చావో" అంది పైకే, ఇంట్లో పిల్లని కసిరే గొంతుతో.

చిన్నరాజం ఆమె వంక చూసి, కారు పక్కకి ఆపాడు.

"ఒక్క లంగా తిన్నగా ఉంచుకోలేవా? ఇంత జిడ్డు ఏం పెట్టి వదిలించనే? రేపు బళ్లోకి ఏం కట్టుకెళ్తావే, జాయ్సీ..."

పిల్ల పోయాక ఆ పేరు ఆమె పైకి అనడం అదే మొదలు. తిట్టు సగంలో ఆగిపోయింది. మిగతాదంతా ఏడుపే.