తలుపు దగ్గరి ఇస్త్రీపెట్టె

మా ఇంటి తలుపు మూసి ఉండగా చూసినవాళ్ళు తక్కువ. వైరు కాలిపోయిన పాత ఇస్త్రీపెట్టె ఒకటి ఆ తలుపు మూసుకుపోకుండా అడ్డుగా ఉండేది. నాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఆయన చేతికొచ్చి బాగుపడని వస్తువు నాకు తెలిసి అదొక్కటే. "పోనీలెండి, తలుపైనా పట్టుకుంటుంది" అని అమ్మ దాన్ని అక్కడ పెట్టింది.

మాది మూడంతస్తుల మేడలో కింది వాటా, రెండు గదులు. మెట్లెక్కేవాళ్ళంతా మా గుమ్మం ముందునుంచే వెళ్ళాలి. ఇంట్లో ముగ్గురమే అయినా అమ్మ ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోసేది. ఎవరికని అడిగితే, "వచ్చేవాళ్ళకి" అనేది. ఆ గ్లాసు మిగిలిపోయిన రోజు నాకు గుర్తులేదు.

పైవాటాలో ఉండే బస్సు డ్రైవర్‌ని మేం లేటు బాబాయి అనేవాళ్ళం. ఆయన బస్సు వేళకు రావడం ఎవరూ చూడలేదు.

"ఏంటి వదినా, వీధి మొదటిదాకా మాడు వాసన!" అంటూ గుమ్మంలో నిలబడేవాడు.

"ఆ వాసన పట్టుకునేగా వచ్చావ్. కూర్చో" అంటూ అమ్మ కంచం పెట్టేది.

ఉత్తరాలు పంచే అక్క మధ్యాహ్నం సంచి దించి, కాళ్ళు చాపుకుని, నాలుగు ముద్దలు తిని, నాలుగు వీధుల కబుర్లు చెప్పి పోయేది. ఎవరూ ఏమీ తెచ్చేవారు కాదు. మొహమాటపడేవారూ కాదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. పై అధికారిని ఎవరు ఎన్ని గంటలకు కలవాలో రాసిపెట్టడం, ముందుగా చెప్పకుండా వచ్చినవాళ్ళను వెనక్కి పంపడం నా పని. ఆ పని నేను బాగా చేస్తానని పేరు.

పోయిన ఏడాది అమ్మకు రక్తంలో జబ్బు బయటపడింది. మందు ఎక్కించి ఇంటికి పంపుతూ డాక్టరుగారు, "దగ్గు, జలుబు ఉన్నవాళ్ళను దగ్గరికి రానివ్వకండి" అన్నారు. ఆయన అన్నది అంతే. మిగతాది నేను కలిపాను. మర్నాడు ఆఫీసులో ఒక కాగితం టైపు చేసి తెచ్చి, తలుపుకు బయటివైపు అంటించాను.

"రోగికి విశ్రాంతి అవసరం. దయచేసి ముందుగా ఫోన్ చేసి, అనుమతి తీసుకుని రాగలరు. సమయం: సాయంత్రం 5 నుంచి 5.30 వరకు."

తలుపు మూసి, ఇస్త్రీపెట్టెను మంచం కిందికి తోశాను. నాన్న ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"మనవాళ్ళు ఫోన్ చేసి వస్తారంటావా?"

"అమ్మ ముఖ్యమా, మొహమాటం ముఖ్యమా నాన్నా?"

"సరేలే. చదువుకున్నదానివి, నీకు తెలుస్తుంది."

కాగితం సంగతి అమ్మకు చెప్పలేదు. చెబితే చింపించేది.

ఫోన్ మోగలేదు. నేను రాసింది బాగా పనిచేస్తోందని మొదటి వారం సంతోషించాను కూడా. అమ్మ మాత్రం పడుకునే అడుగుల చప్పుడు వినేది. "అది ఉత్తరాల పిల్ల. చెప్పు తెగినట్టుంది, ఈడుస్తోంది చూడు" అనేది. ఆ అడుగులు మా గుమ్మం ముందు ఆగేవి. కాసేపటికి మళ్ళీ కదిలేవి. "వెళ్ళిపోయింది" అనేది అమ్మ.

మూడో వారంలో ఒకరోజు అడిగింది. "నా జబ్బు అంటుకుంటుందని భయపడుతున్నారంటావా?"

"అదేం లేదమ్మా. అందరికీ పనులు."

"పనులు ఎప్పుడు లేవే?" అని గోడవైపు తిరిగింది. తిండి తగ్గిపోయింది. రెండు చెంచాలు తిని గిన్నె పక్కకు జరిపేది. "ఒక్కదాన్నే తింటుంటే దిగడం లేదు" అనేది.

ఒక ఉదయం వీధి మలుపులో లేటు బాబాయి కనిపించాడు. నాకు కోపం ఆగలేదు. "ఒక్కసారి ఫోన్ చేయడానికి తీరిక లేకపోయిందా బాబాయ్?"

ఆయన నేలచూపులు చూశాడు. "ఫోన్ చేసి ఏమనమంటావమ్మా? అన్నానికొస్తున్నా, అనుమతివ్వండి అనాలా? ఇన్నేళ్ళలో మీ ఇంటికని బయల్దేరింది ఒక్కరోజు లేదు. దారిలో తలుపు తీసుంటే వచ్చేవాణ్ణి, అంతే."

ఆయనే మళ్ళీ అన్నాడు.

"చదువుకున్న పిల్ల రాసింది, డాక్టరు చెప్పే ఉంటాడనుకున్నాం. రోజూ అక్కడ ఆగుతున్నాం, ఆ కాగితం చదువుకుని పైకి పోతున్నాం."

పరుగున ఇంటికొచ్చి కాగితం పీకేశాను. అమ్మ నిద్రపోతోంది. అప్పుడే ఇస్త్రీపెట్టె తీసి తలుపు దగ్గర పెట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ చేసిన తప్పును పద్ధతిగా దిద్దుకోవాలనుకున్నాను. మూడంతస్తులూ ఎక్కి అందరికీ చెప్పాను, సాయంత్రం ఆరింటికి రమ్మని.

కింద ఉత్తరాల అక్క ఎదురైంది. "ఇప్పుడే ఒక్కసారి చూసి పోతానే?"

"అమ్మ పడుకుంది అక్కా. సాయంత్రం అందరూ కలిసి వస్తే సంతోషపడుతుంది."

సరేనని సంచి భుజానికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు సెలవు పెట్టాను. ఆరు గ్లాసుల బియ్యం కడిగి నానబెట్టాను. మూడు గంటలకు అమ్మ కళ్ళు తెరిచింది.

"పొద్దున ఉత్తరాల పిల్ల గొంతు వినపడిందే."

"వస్తుందమ్మా. అందరూ వస్తున్నారు, ఆరింటికి."

"ఆరింటికేంటే? వాళ్ళేమన్నా రైళ్ళా?" అంది. నవ్వబోతే దగ్గొచ్చింది. కాగితం మాట చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అందరి ముందూ చెప్పి తిట్లు తిందామని ఆగాను.

నాలుగింటికి అమ్మకు ఊపిరాడలేదు. అంబులెన్సు వచ్చేసరికి నాన్న ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. వాళ్ళు చూసి, తీసుకెళ్ళాల్సిన పని లేదన్నారు.

ఆరింటికి అందరూ వచ్చారు. అందరికంటే ముందు, ఉతికిన చొక్కా వేసుకుని, లేటు బాబాయి. ఆయన వేళకు రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. గుమ్మంలో ఆగి, "వదినా" అని పిలవబోయి నా మొహం చూశాడు.

ఆ కాగితం మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. నానిన బియ్యం ఉత్తరాల అక్కే పైవాటాకు తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టింది. వద్దంటున్న నాన్నకు కలిపి తినిపించింది.

ఇప్పుడు ఇస్త్రీపెట్టె మళ్ళీ తలుపు దగ్గరే ఉంది. నేనూ ఒక గ్లాసు ఎక్కువే పోస్తున్నాను. మొదట్లో అది మిగిలిపోయేది. పొద్దున్నే నాన్నా నేనూ ఆ చద్దన్నం తినేవాళ్ళం.

నిన్న మధ్యాహ్నం అడుగులు గుమ్మం దగ్గర ఆగాయి. తలెత్తి చూస్తే ఉత్తరాల అక్క, భుజాన సంచితో.

"లోపలికి రావచ్చా అమ్మా?" అంది.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ గుమ్మంలో ఎవరూ ఆ మాట అడగలేదు.

"రా అక్కా" అన్నాను. చెప్పులు విడిచి లోపలికొచ్చింది. సంచి మాత్రం దించలేదు.