ఒకే రోజు రెండు కొండలు

ఆ లోయలో ఐదు కొండలు, ఐదింటి మీదా స్కీ వాలులు. ఐదు టికెట్టు కిటికీలు, ఐదు రకాల పాసులు, ఒకరి మాట ఒకరికి పడని ఐదుగురు యజమానులు. మంచు ఏటికేడూ తగ్గిపోతోంది. కూర్ పట్నం వైపు నుంచి రైల్లో వచ్చే జనం పెద్ద పేరున్న కొండలకే పోతున్నారు. ఇక లాభం లేదని ఐదుగురూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, వచ్చే చలికాలానికి వీలైనన్ని కొండలకి కలిపి ఒకటే సీజన్ పాసు వేద్దామని ఒప్పుకున్నారు. అందులో ఏ కొండలు ఉండాలో, ఏవి కలిస్తే చూడగానే కొనాలనిపిస్తుందో తేల్చే పని బర్లా నెత్తిన పడింది.

బర్లాకి నలభై మూడేళ్ళు. లోయ స్కీ సంఘం ఆఫీసు ఆవిడ చేతి మీదుగానే నడుస్తుంది. పదహారో ఏట ఎడమ మోకాలు విరగ్గొట్టుకుంది. అది ఇప్పటికీ సరిగా వంగదు, అయినా స్కీ మానలేదు. కాగితాలు చూసి తేల్చేసే మనిషి కాదు కాబట్టి జనవరంతా ఒక్కో కొండా ఎక్కి దిగింది. ఫొప్పా చిన్నపిల్లలకి బాగుంటుంది. నలూన్ నిటారుగా ఉంటుంది, కుర్రకారుకి అదే కావాలి. తియోలాలో వాలు అంతంతమాత్రమే గానీ, పైన దొరికే బార్లీ సూపు కోసమైనా జనం వెళ్తారు. సూరాకి పొద్దుటి నుంచీ ఎండ. ఏటికి అవతల దానికి ఎదురుగా ఉన్న ఆర్సా ఉత్తరం మొహంగా ఉంటుంది, మార్చి దాటినా దాని మంచు కరగదు. పొద్దున సూరాలో ఎండ కాచుకుని, మధ్యాహ్నం ఆర్సాకి వెళ్ళి గట్టి మంచు మీద జారితే అంతకంటే ఏం కావాలి? పాసుకి ప్రాణం ఆ రెండే అనుకుంది బర్లా.

ఆదివారం భోజనానికి బాల్జర్ బాబాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ మాటే చెప్పింది. ఆర్సా కింద లిఫ్టు గది పక్కనే ఆయన ఇల్లు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ లిఫ్టు నడిపి పని మానుకున్నాడు. పన్నెండేళ్ళ కిందట మెంగియా పిన్ని పోయాక ఒంటరిగానే ఉంటున్నాడు. ఆకుల్లో చుట్టి వండిన కపూన్స్ పిండి ముద్దలు రెండు ఆమె పళ్ళెంలో వేస్తూ విన్నాడు.

"నాలుగు పెడతావో ఐదు పెడతావో నీ ఇష్టం. సూరా, ఆర్సా మాత్రం ఒక కార్డులో పెట్టకు," అన్నాడు.

"ఎందుకు బాబాయ్? ఏటికి అటూ ఇటూ ఉన్నాయి. బస్సెక్కితే ఐదు నిమిషాలు."

"అందుకే."

"జన్మంతా ఆర్సాలో పనిచేసి నువ్వే ఆర్సా వద్దంటే ఎలా?"

"ఆర్సా వద్దన్నానా? రెండూ కలిపి వద్దన్నాను. మా రోజుల్లో ఎవరి జాకెట్టుకైనా సూరా టికెట్టు వేలాడుతూ కనబడితే, ఇవాళ మోటారు బాగాలేదండీ, రేపు రండి అని పంపేసేవాళ్ళం. అటువైపు వాళ్ళూ అంతే."

"జనం ఊరుకునేవాళ్ళా?"

"నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. పడేవాళ్ళం."

"అసలు ఏమవుతుందో చెప్పవేం?"

బాల్జర్ రొట్టె ముక్కతో పళ్ళెం తుడుచుకుని తిన్నాడు. "ఒక రోజులో రెండూ ఎక్కకు. ఖర్మ కాలి ఎక్కావే అనుకో, పైన ఎక్కడా ఆగకు. తిన్నగా కిందికొచ్చేయ్. అంతకంటే అడక్కు."

వయసు మీద పడి చాదస్తం ఎక్కువైందనుకుంది బర్లా. ఫిబ్రవరిలో, సంఘం సమావేశానికి ముందు రోజు, కొత్త కార్డు పనిచేస్తోందో లేదో చూడటానికి ఆ రెండు కొండలూ ఒకే రోజు ఎక్కుదామని బయల్దేరింది.

సూరాలో పొద్దుట ఎండ కళ్ళు చెదిరేలా ఉంది. మూడుసార్లు ఎక్కి దిగింది. పదకొండు గంటల బస్సెక్కి ఏరు దాటేసరికి పొగమంచు కమ్మేసింది. ఆర్సా కింద నిలబడితే లిఫ్టు రెండో స్తంభం దాకానే కనబడుతోంది. జేబులో కార్డుతో గేటు ముందు నిలబడింది. పచ్చ దీపం వెలిగింది. దాని కింద చిన్న తెర మీద, ఇవాళ ఆర్సాలో ఇది రెండో ప్రవేశం అని అక్షరాలొచ్చాయి.

"ఏమ్మా మహారాణీ, ఇప్పుడు కనబడ్డానా నేను?"

రీత్. ఆర్సా ఇప్పుడు అతనిదే. లిఫ్టు గది తలుపుకి ఆనుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఇప్పుడేంటి?"

"ఇందాక నా కళ్ళెదుటి నుంచే పైకి పోయావుగా! నమస్కారం లేదు, గాడిదగుడ్డూ లేదు. రేపు సమావేశం కదా, మమ్మల్ని పీకేస్తున్నావేమో, మొహం చాటేశావనుకున్నాను."

"నేను బస్సు దిగి రెండు నిమిషాలు కాలేదు రీత్."

"అయితే మీ చెల్లెలయ్యుంటుంది."

"నాకు చెల్లెల్లేదని నీకు తెలీదా?"

"దేవుడు చల్లగా చూశాడు. నీలాంటివాళ్ళు ఇద్దరైతే ఈ లోయ తట్టుకోలేదు."

బర్లా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. గేటు కొత్తది కదా, ఏదో తప్పు చూపించి ఉంటుందని సర్దిచెప్పుకుని లిఫ్టు కుర్చీ ఎక్కింది.

పైకి పన్నెండు నిమిషాలు. ఎదురుగా పొగమంచులోంచి ఖాళీ కుర్చీలు ఒకటొకటే వచ్చి పక్క నుంచి దాటిపోతున్నాయి. కొండ పైన మనిషి అలికిడి లేదు. కొత్త మంచు మీద ఒకే ఒక్క జాడ కిందికి పోతోంది. బర్లా ఆ జాడ పక్కనే జారడం మొదలుపెట్టింది. మూడో మలుపు దగ్గర ఆగిపోయింది. ప్రతి ఎడమ మలుపులోనూ మంచు మీద ఒక చిన్న గీత అడ్డంగా ఈడ్చినట్టుంది. వంగని మోకాలు గీసే గీత అది. వెనక్కి తిరిగి తన జాడ చూసుకుంది. అక్కడా అదే గీత. కొలిచినట్టు అంతే పొడవు.

వెనక్కి ఎక్కే దారి లేదు. ఆ జాడ పట్టుకునే కిందికి దిగింది. వాలు మధ్యలో, తుపాను వస్తే తలదాచుకోవడానికి కట్టిన కర్ర గుడిసె ఉంది. దాని గొట్టంలోంచి పొగ వస్తోంది. గోడకి ఆనించిన స్కీలు, ఊతకర్రలు తనవి. అంటే, తన దగ్గర ఉన్నవే అక్కడా ఉన్నాయి. ఊతకర్ర పిడి విరిగితే పోయిన నెల తను చుట్టిన పసుపుపచ్చ టేపుతో సహా.

కిటికీ అద్దంలోంచి లోపలికి చూసింది. తను వేసుకున్నలాంటి నీలం జాకెట్టులో ఒక ఆడమనిషి అటు తిరిగి కూర్చుని ఏదో రాస్తోంది. రాయడం ఆపి, పెన్ను వెనక భాగం పళ్ళ మధ్య పెట్టుకుని ఆలోచించింది. ఆఫీసులో తన పెన్నులన్నీ అలా కొరికి ఉంటాయని అందరూ ఎగతాళి చేస్తారు. బర్లా చెయ్యి తలుపు గొళ్ళెం మీదికి వెళ్ళింది. లోపల ఆ మనిషి తల ఎత్తింది. మెల్లగా ఇటు తిరగబోతోంది.

అప్పుడు బాబాయి మాట చెంప మీద కొట్టినట్టు గుర్తొచ్చింది. గొళ్ళెం వదిలేసి దూకినట్టే కిందికి జారింది. మోకాలు నొప్పి తెలియలేదు. వెనక ఎక్కడో తలుపు తెరుచుకున్న చప్పుడు, స్కీలు టక్కున కాళ్ళకి పట్టుకున్న చప్పుడు వినబడ్డాయి. వెనక్కి చూడలేదు.

కింద బాల్జర్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో నిలబడి ఉన్నాడు. మీ అమ్మాయి ఇవాళ తెగ తిరుగుతోంది, పలకరిస్తే పలకదు అని రీత్ సరదాగా ఫోను చేశాడట. ఆ మాట వినగానే లేచి వచ్చేశాడు.

"నీకంటే ముందు ఎవరైనా దిగారా?" ఆమె భుజాలు పట్టుకుని అడిగాడు.

"లేదు. నా ముందు ఎవరూ... బాబాయ్, పైన..."

"తెలుసు. కారెక్కు."

అంతలో ఆఖరి వాలు పైన పొగమంచు కాస్త పలచబడింది. నీలం జాకెట్టు మనిషి వచ్చి అక్కడ ఆగింది. ఎడమ కాలి మీద బరువు మోపకుండా ఒక పక్కకి ఒరిగి నిలబడింది. బాగా అలిసిపోయినట్టుంది. బర్లాకి తెలియకుండానే చెయ్యి పైకి లేచింది. పైన ఆ మనిషి కూడా చెయ్యి ఎత్తింది.

"రా అమ్మా," అని బాల్జర్ ఆమెను లాక్కెళ్ళి కార్లో కూర్చోబెట్టాడు. బర్లా వెళ్ళింది. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ క్షణంలో తన కాళ్ళు ఆగలేదనే నిజం ఆమెను కుదురుగా ఉండనిచ్చేది కాదు.

కారు ఏరు దాటాక బాల్జర్ నోరు విప్పాడు.

"ఎనభై నాలుగులో మీ పిన్ని కూడా ఇలాగే రెండూ ఎక్కింది. నా మాటలకి నవ్వింది. మూడింటికి దిగింది. చలికి వణుకుతూ ఉంటే ఇంటికి పంపాను. నాలుగున్నరకి లిఫ్టు ఆపి గది సర్దుకుంటున్నాను. మళ్ళీ దిగింది."

"ఎవరు?"

"మెంగియా. అద్దం మీద తట్టింది. బాల్జర్, తలుపు తియ్యి, కాళ్ళు కొయ్యబారిపోయాయి అంది. దీపం ఆర్పేశాను. తడుతూనే ఉంది. నేను వెనక తలుపు గుండా వచ్చేశాను. మర్నాడు పొద్దున కొండంతా వెతికితే ఎవరూ లేరు."

బర్లా ఆయన వైపు తిరిగింది. "మరి ఇంటికొచ్చినామె?"

"ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేశాం. చల్లని మనిషి. ఒక్క రోజు ఒక్క మాట అనిపించుకోలేదు. ఎవరని మాత్రం అడక్కు తల్లీ. నాకూ తెలీదు."

మర్నాడు పది గంటలకి సమావేశం. బర్లా తన జాబితాలో ఆర్సా మీద అడ్డంగా గీత గీసి తెచ్చింది. కారణం అడిగితే అక్కడ గాలి ఎక్కువ, లిఫ్టు తరచు ఆగుతుందని చెప్పాలనుకుంది. పాసులో లేకపోతే ఆర్సా ఇంకో చలికాలం బతకదని ఆ గదిలో అందరికీ తెలుసు. రీత్ అందరికంటే ఆఖర్న, ఒక కాగితం ఊపుకుంటూ వచ్చాడు.

"ఇంత మంచి మాట మొహం మీద చెప్పొచ్చుగా బర్లా! గుడిసెలో వదిలేసి పోవడమేంటి? నిన్న సాయంత్రం గస్తీకి వెళ్ళిన మావాళ్ళకి దొరికింది."

సంఘం పెద్ద జాకెన్ ఆ కాగితం అందుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. ఫొప్పా, నలూన్, తియోలా, ఆర్సా. ఆర్సా కింద రెండు గీతలు, పక్కన చిన్న అక్షరాలతో, పైన గుడిసె అలాగే ఉండనివ్వాలి అని ఉంది. సూరా పేరు కొట్టేసి ఉంది. జాకెన్ ఆ కాగితాన్నీ బర్లా తెచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టాడు.

"ఇందులో సూరా తీసేశావు, అందులో ఆర్సా తీసేశావు. రెండూ నీ చేతిరాతే. ఇంతకీ మాకు ఏది చెబుతున్నావు?"

అది తను రాసింది కాదని చెప్పొచ్చు. ఎవరూ నమ్మరు గానీ చెప్పొచ్చు. బర్లా ఆ అక్షరాల వైపే చూస్తూ ఉండిపోయింది. ఒరిగి నిలబడిన ఆ మనిషి, పైకెత్తిన ఆ చెయ్యి కళ్ళ ముందు కదిలాయి. ఆర్సా మూతపడితే గుడిసె పీకేస్తారు. పొయ్యిలోకి కట్టెలు మోసుకెళ్ళేవాళ్ళు ఉండరు.

"రీత్ తెచ్చిందే నా మాట," అంది.

సూరా యజమాని కుర్చీ వెనక్కి తన్ని లేచిపోయాడు. ఇప్పటికీ బర్లా ఎదురైతే రోడ్డు దాటి అటు పక్కకి పోతాడు. ఎండ ఉన్న కొండ కాబట్టి సూరాకి ఒంటరిగా కూడా నష్టమేమీ రాలేదు.

సంగతి బాల్జర్‌కి తెలిసింది. శనివారం మధ్యాహ్నం తనే రీత్ దగ్గరికి వెళ్ళి, మంచి బూట్లేసుకున్నాను, నన్నోసారి పైకి పంపించు, గుడిసె దాకా మీవాడి మంచు బండిలో దించమను అన్నాడు. సంచిలో రొట్టె, ఎండబెట్టిన మాంసం, ఒక ఉన్ని దుప్పటి పెట్టుకున్నాడు. బర్లా కిందే ఆగిపోయింది. మూడున్నరకి ఆఖరి కుర్చీలో ఆయన దిగాడు. చేతిలో సంచి లేదు.

"ఎవరైనా ఉన్నారా బాబాయ్?"

"లేరు. పొయ్యి వెలుగుతోంది."

"మరి ఇంతసేపు ఏం చేశావు?"

"మాట్లాడాను. చెప్పాల్సినవి చాలా ఉండిపోయాయి." కారు తలుపు తీయబోయి ఆగాడు. "బల్ల మీద రెండు కప్పులున్నాయి. రెండూ వేడిగానే ఉన్నాయి."

ఆ చలికాలం, దాని తర్వాతి చలికాలం ప్రతి శనివారం ఆయన అలాగే వెళ్ళొచ్చాడు. ఆ రెండో ఏడు మార్చిలో నిద్రలోనే పోయాడు. నాలుగు కొండల పాసు బాగా నడిచింది. ఆర్సాకి మళ్ళీ జనం వస్తున్నారు. బర్లా మిగతా మూడు కొండలకే వెళ్తుంది. శనివారాలు మాత్రం కట్టెలు, రొట్టె, సూపు డబ్బా తీసుకొచ్చి రీత్‌కి అప్పజెబుతుంది. ఎవరికని అతను ఒక్కసారే అడిగాడు. అతని మనిషి అవి పైకి చేర్చి వచ్చేదాకా బర్లా కార్లోనే, కొండ వైపు కాకుండా రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చుంటుంది.