ట్యాంకరు డ్రైవరు అడుగుల తడి

పొద్దున్నే ట్యాంకరు డ్రైవరు మంచం దిగేలోపే భార్య నేల మీద గోనెపట్టా పరిచేది. ఆయన అడుగు పెట్టినచోటల్లా పులిసిన వాసనతో గోధుమరంగు మడ్డినీళ్లు ఊరేవి. ఎనిమిదేళ్లుగా అంతే. కాళ్లు ఎంత తుడిచినా తడి తడే. బస్సులో పక్కవాళ్లు సంచులు ఒళ్లోకి తీసుకునేవారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ తుడుపుగుడ్డ అందించేవాడు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. అడగనందుకే ఆయన తల ఇంకా వంగిపోయేది.

ఆ ఫ్యాక్టరీలో ధాన్యం పులియబెట్టి బండ్లకు ఇంధనం తీస్తారు. మిగిలిన మడ్డిని ఇదివరకు ట్యాంకరులో తీసుకెళ్లి దూరంగా గుంటల్లో పోసేవారు. ఇప్పుడు వెనక షెడ్డులో సూక్ష్మజీవులకు పెట్టి, అవి తిని పెరిగాక ఎండబెట్టి చేపల మేత చేస్తున్నారు. షెడ్డు చూసుకునేది దగ్గర్లో చేపల చెరువున్న ఒక ముసలాయన కూతురు.

ఒక వారం షెడ్డు ట్యాంకులో సూక్ష్మజీవులన్నీ చచ్చిపోయాయి. కొత్తవి తెచ్చి వేసినా మడ్డి ఘాటుకి బతకలేదు. ఇంకో వారం చూసి షెడ్డు మూసేస్తానన్నాడు మేనేజరు. పదకొండు మంది ఆడవాళ్ల పని పోయేలా ఉంది.

మడ్డి దింపడానికొచ్చిన డ్రైవరు అడుగుల్ని చూసి షెడ్డు చూసుకునే అమ్మాయి వంగింది. దూదితో తడి అద్ది మైక్రోస్కోపు కింద పెట్టింది.

"బాబాయ్! మడ్డికి అలవాటుపడ్డవి కిటకిటలాడుతున్నాయి ఇందులో. ఎన్నాళ్ల నుంచి ఈ తడి?"

ఆయన తన కాళ్లకేసి చూసుకున్నాడు. "మీ నాన్న చెరువులో చేపలు చచ్చిన ఏడాది నుంచి."

"అంటే?"

"గుంటల దాకా పోవడం దూరమని మడ్డిని మీ చెరువుకొచ్చే కాలవలో వదిలేశానమ్మా. మూడు ట్రిప్పులు. చేపలు తేలాక జనంతోపాటు నేనూ గట్టున నిలబడి అయ్యో పాపం అన్నాను."

షెడ్డులో ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఆమె ఇంకో దూది తీసుకుంది.

"రెండో కాలు ఎత్తండి," అంది. బాబాయ్ అనలేదు.

ఆ తడినంతా సీసాలకెత్తి, చక్కెర నీళ్లలో పెంచి, ట్యాంకులో కలిపింది. నాలుగో రోజుకి అవి పెరిగి ట్యాంకు నురగలు కక్కింది. షెడ్డు నిలబడింది. మొదటి లోడు మేత తండ్రికి పంపుతూ వ్యాను తాళాలు డ్రైవరు చేతిలోనే పెట్టింది.

"వేరే ఎవర్నైనా పంపమ్మా. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?"

"నేనేమీ చెప్పలేదు ఆయనకి. మీరే చెప్పుకోండి."

చెరువు గట్టున ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. డ్రైవరు బస్తాలన్నీ తనే దించాడు. చివరి బస్తా దించాక ముసలాయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

ముసలాయన వల మీంచి చూపు తిప్పలేదు. "ఆ రోజు కాలవ దగ్గర నీ బండి చూశాను. ఎప్పటికైనా వస్తావని చూస్తూనే ఉన్నాను. కూర్చో. చెప్పు."

డ్రైవరు నేల మీద కూర్చుని, మొదటి ట్రిప్పు నుంచి మొదలుపెట్టాడు.