లక్ష ఆకుల లెక్క

కట్టని ఇళ్లకు ఎండ కాయించడం వదిన వృత్తి. పునాది కూడా తవ్వని మేడకు కిటికీలు పెట్టి, కిటికీలకు తెరలు వేలాడదీసి, ఆ తెరల్లోంచి సాయంకాలపు వెలుగు నేలమీద పడేలా కంప్యూటర్లో బొమ్మ చేసిస్తే, బిల్డర్లు ఆ బొమ్మ చూపించి ఫ్లాట్లు అమ్ముకుంటారు. గోడ లేవకముందే నీడ వేసే మనిషన్నమాట. అసలు పేరు ఒకటుంది గానీ, ఆఫీసులో భాగస్వామి సొంత మరిదే కావడంతో వాడి పిలుపే అందరికీ అంటుకుంది. కరెంటు మీటరు చూసే ఆయన కూడా "వదినగారూ, తలుపు" అంటాడు.

ఆఫీసంటే భర్తగారి కళ్లద్దాల షాపు మీద ఒక గది. రెండు కంప్యూటర్లు, మూడు కుర్చీలు, తిరగడం కంటే మూలగడం ఎక్కువగా చేసే ఒక ఫ్యాను.

బొమ్మ పేర్చడం ఒక ఎత్తు, దాన్ని పండించడం ఇంకో ఎత్తు. వస్తువులన్నీ సర్ది దీపాలు పెట్టాక, ఏ చుక్క మీద ఎంత వెలుగు పడుతుందో యంత్రం లెక్కగట్టాలి. దాన్నే రెండరింగ్ అంటారు. రెండు అనే మాట అందులో ఉంది గానీ, రెండు గంటల్లో అయ్యే పని కాదు. కదలని మెదలని ఒకే ఒక్క బొమ్మకు వీళ్ల కంప్యూటరు పద్నాలుగు గంటలు తింటుంది. అందుకే ఇంటర్నెట్లో రెండర్ ఫారాలు వెలిశాయి. ఎక్కడో వందల యంత్రాలు వరసగా పెట్టుకుని, నిమిషాల లెక్కన అద్దెకిస్తారు. ముందే డబ్బు కట్టి పాయింట్లు కొనుక్కోవాలి. పని సాగినకొద్దీ పాయింట్లు కరుగుతాయి.

ఫారం అనగానే అత్తగారు "కోళ్లా, గేదెలా?" అని అడిగింది.

"గేదెలం మనమేనమ్మా. పితికేది వాళ్లు" అన్నాడు మరిది.

ఆ పాయింట్ల శాఖ మరిదిదే. "బొమ్మ నీది, బిల్లు నాది వదినా. నువ్వు ఇటు చూడకు" అని మొదటిరోజే మాటిచ్చాడు. వదిన చూడలేదు. పెళ్లయి వచ్చేనాటికి వాడు నిక్కర్లో ఉన్నాడు. వాడి లెక్కల పుస్తకానికి అట్టలు వేసింది ఆవిడే. అలాంటివాడి లెక్కలు మళ్లీ చూడ్డమేమిటి?

ఒక్క విషయం మాత్రం ఆవిడే తేల్చింది. ఫారంలో ఒకే బొమ్మను ముక్కలుగా కోసి, ముక్కకో యంత్రానికి అప్పజెప్పవచ్చు. ముక్కలు పెరిగితే పని త్వరగా అవుతుంది. కానీ ప్రతి యంత్రమూ తన ముక్క మొదలుపెట్టే ముందు ఫైలు మొత్తం లోపలికి దించుకోవాలి, ఆ నిమిషాలకూ మీటరు తిరుగుతుంది. ఒక్క గదికి సున్నం వెయ్యడానికి పదిమంది పది ఆటోల్లో దిగి, పది కిరాయిలూ మనల్నే ఇమ్మన్నట్టు. కాగితం మీద నాలుగు రోజులు కుస్తీ పట్టి, తమ ఫైళ్లకు ఆరు ముక్కలే గిట్టుబాటని వదిన కనిపెట్టింది. ప్రతి ఫైలుకూ "ఆరు" అని చీటీ రాసి మరిదికి ఇచ్చేది. వాడు మీట నొక్కేవాడు.

ఆరు నెలలుగా మాత్రం బిల్లు ప్రతి నెలా జేబుకు కొత్త చిల్లు పెడుతూ వచ్చింది.

"నీ చెట్లే వదినా కొంప ముంచుతున్నాయి" అన్నాడు మరిది ఒకరోజు. "ఒక్కోదానికి లక్ష ఆకులేంటి? ఫ్లాటు కొనేవాడు ఆకులు లెక్కపెడతాడా?"

"ఆకుల్లేకపోతే చెట్టెలా అవుతుంది చిన్నోడా?"

"స్తంభమవుతుంది. స్తంభానికి బిల్లు రాదు."

వదిన నవ్వింది గానీ ఆ మాట లోపల దిగబడింది. చెట్లంటే ఆవిడకు ప్రాణం. ముఖ్యంగా బస్టాపు పక్క చెట్టు. తీగలకు అడ్డొస్తోందని దాని కొమ్మ ఒకటి ఎవరో మొదలంటా కోసేశారు. పదకొండు ఆదివారాలు ఎదురుగా అరుగు మీద కూర్చుని, ఆ కోత మచ్చతో సహా, ఆకు ఆకూ చూసి కంప్యూటర్లో కట్టుకుందామె. ఇప్పుడు దాని ఆకులే దూయడం మొదలుపెట్టింది. లక్ష ఆకులు నలభై వేలయ్యాయి. నలభై వేలు ఎనిమిది వేలయ్యాయి. గడ్డి తీసేసి పచ్చరంగు పరిచింది. తెరల నేత తీసేసింది. అద్దాల్లో ప్రతిబింబాలు ఆర్పేసింది. మరిది వెనక నిలబడి "మరి ఇదెందుకు, మరి ఇదెందుకు" అని ప్రతిదానికీ అడ్డుపడి, మరిది అన్న మాటకు కొత్త అర్థం తెచ్చాడు.

అయినా బిల్లు తగ్గలేదు. నాలుగు నెలలు తన వాటా తీసుకోకుండా అది కూడా పాయింట్లలోనే పోసింది. అన్నం ముందు కూర్చున్నా అదే గుబులు. ఈ ఇంటిని తింటున్నది నేనేనా? నా చేతికి పొదుపు లేదా?

అలాంటప్పుడు ఒక పెద్ద బిల్డరు తన తొమ్మిది భవనాల బొమ్మలు ఒకరికే అప్పజెప్తానన్నాడు. ఏడాది పని. వదిన మొన్ననే నమూనా పంపింది. ఆయన చెప్పిన దిద్దుబాట్లతో ఈరోజు నాలుగింటికల్లా తుది బొమ్మ వెళ్లాలి. పొద్దున మరిది "పన్ను పీకించుకొస్తా వదినా, పాయింట్లు నిన్ననే నింపేశా, నువ్వే పంపెయ్" అని వెళ్లాడు. ఆవిడ మీట నొక్కింది. తెరమీద సున్నా.

ఖాతా స్టూడియో పేరున ఉంది, రెండో సంతకం ఆవిడది. ఫారం సహాయకేంద్రానికి ఫోను చేస్తే ఎవరో చలాకీ అమ్మాయి ఎత్తింది.

"పాయింట్లు అయిపోయాయి మేడమ్. అవ్వవా మరి? ఒక్క బొమ్మని అరవై నాలుగు ముక్కలు చేస్తే ఎలా చెప్పండి? మీ ఫైలు దిగడానికే నాలుగు నిమిషాలు. అరవై నాలుగు సార్లు దిగితే రెండొందల యాభై ఆరు నిమిషాలు. అసలు పని మొదలుకాకముందే ఖర్చు! ఆరో ఎనిమిదో చేసుకోండి, చాలా మిగులుతుంది."

"నేను చేసేది ఆరేనమ్మా."

"ఆరువీ ఉన్నాయి మేడమ్. ఈ నెల మొత్తం ఇరవై ఏడు బొమ్మలు. అందులో నాలుగు ఆరేసి ముక్కలవి, ఒక్కోటి నూట పది పాయింట్లే పడింది. మిగతా ఇరవై మూడూ అరవై నాలుగువే. ఒక్కోటి నాలుగొందలు దాటింది."

"ఈ నెల నేను చేసింది నాలుగే బొమ్మలు."

అటు చలాకీతనం ఆగిపోయింది. "ఇరవై మూడూ మీ మెయిల్‌కి పంపనా మేడమ్? మీరే చూసుకోండి."

చూసుకుంది. మొదటి బొమ్మలో తనకు తెలియని మేడ, మేడ ముందు తన చెట్టు. కోసిన కొమ్మ, కోత మచ్చ, లక్షకు లక్ష ఆకులు. వాటి సందుల్లోంచి ఎండ చిల్లులు చిల్లులుగా గోడమీద పడుతోంది. రెండో దాంట్లో తను తీసేసిన గడ్డి. ఏడో దాంట్లో తను విప్పేసిన తెరలు. తన దగ్గర "ఇదెందుకు" అని ఊడబీకించినవన్నీ అక్కడ హాయిగా కాపురముంటున్నాయి. మూలన ఏదో కొత్త స్టూడియో ముద్ర. ఇరవై మూడోది ఆ పెద్ద బిల్డరుదే. అదే భవనం, అదే కోణం. నిన్న సాయంత్రం పంపిన పని.

వదిన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. బొమ్మ మారలేదు.

మధ్యాహ్నం మరిది వచ్చాడు. మత్తుసూదికి సగం మూతి మొద్దుబారి, నోట్లో దూది. వెనకే భర్త క్యారియరుతో పైకొచ్చాడు. వదిన తెర వాళ్లవైపు తిప్పింది.

"వవినా..." అన్నాడు మరిది. దూది తీశాడు. "చెబ్దామనే అనుకున్నా వదినా."

"ఎప్పుడు?"

"కాంట్రాక్టొచ్చాక."

"ఎవరికొచ్చాక?"

వాడు చెంప పట్టుకున్నాడు. "ఎంతకాలమని నీ వెనక బిల్లులు కట్టుకుంటూ నిలబడను? ఫలానా వదిన మరిది అంటారే గానీ, నాకంటూ ఓ పేరుందా? స్నేహితుడి పేర మొదలుపెట్టా. నిలదొక్కుకున్నాక నీ పాయింట్లు నీకిచ్చేద్దామనే..."

"పాయింట్లు సరే. నా చేత చెట్టు ఎందుకు కొట్టించావు?"

భర్త గొంతు సవరించుకున్నాడు.

"పోనీవే. ఎవరికొచ్చినా పని ఇంట్లోనే ఉంటుంది కదా అని..."

వదిన ఆయనవైపు మెల్లగా తిరిగింది. "నీకు తెలుసా?"

"రెండు నెలలే అయింది తెలిసి. నువ్వు బాధపడతావని..."

ఊరందరికీ చూపు సరిచేసే మనిషి, రెండు నెలలుగా చూసీ చూడనట్టున్నాడు. రాత్రి పక్కనే పడుకుని ఆవిడ "నాకు పొదుపు రాదేమో" అంటే "నేర్చుకుంటావులే" అని దుప్పటి కప్పినవాడు.

ఆవిడ ఏదో అనబోయేలోగా ఫోను మోగింది. బిల్డరు. బల్లమీదే పెట్టి స్పీకరు నొక్కింది.

"ఏమ్మా, చిన్న తేడా కనిపిస్తోంది. పొద్దున ఇంకో స్టూడియో వాళ్లు బొమ్మ పంపారు. అందులో చెట్టూ మీ నమూనాలో చెట్టూ ఒకటే. నరికిన కొమ్మతో సహా! కాకపోతే వాళ్లది నిండుగా ఉంది, మీది బోడిగా ఉంది. ఎవరు ఎవర్ని చూసి వేశారమ్మా?"

"సార్, ఆ చెట్టు నేను..."

"మార్కెట్లో దొరికే చెట్టే సార్ అది!" అన్నాడు మరిది, ముందుకు వంగి. ఇందాక క్షమాపణ నత్తి నత్తిగా వచ్చింది గానీ, ఈ మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. "నేను వదినగారి పార్ట్‌నర్ని. ఎవరైనా కొనుక్కోవచ్చు సార్. మేమూ కొన్నాం, వాళ్లూ కొనుంటారు."

"కాదు సార్, అది నేను కట్టిన..."

"మీ పార్ట్‌నరే చెబుతున్నాడు కదమ్మా. కొన్నదానికి గొడవెందుకు? సరే, వాళ్ల బొమ్మలో ప్రాణం ఉంది, రేటూ తక్కువ చెప్పారు. వాళ్లకే ఇచ్చేస్తున్నా. ఏమనుకోకండి."

ఫోను ఆగింది. ఫ్యాను మూలుగుతోంది. మరిది సగం ముఖం వదినకేసి బతిమాలుతోంది, మొద్దుబారిన సగంలో ఏ భావమూ లేదు.

"నా ముందే అన్నావు చిన్నోడా" అంది వదిన. "వెనక చేసినవన్నీ ఒక ఎత్తు."

"వదినా, నిజం చెబితే ఇద్దరికీ పోయేది..."

"లే. ఆ కుర్చీలోంచి లే."

వాడు లేచాడు. ఇంకా ఏదో ఉంటుందని కాసేపు గుమ్మంలో ఆగాడు. ఏమీ లేకపోవడంతో మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వదిన ఆ కుర్చీలో కూర్చుంది. తన సొంత పేరున కొత్త ఖాతా తెరిచింది, తన కార్డుతో పాయింట్లు కొంది. నాలుగింటికి పంపాల్సిన బొమ్మ తెరిచి చెట్టుకు తన లక్ష ఆకులూ తిరిగి తొడిగింది. గడ్డి పరిచింది, తెరలు కట్టింది, అద్దాలకు ప్రతిబింబాలు ఇచ్చింది.

"ఇంకెందుకే అది? కాంట్రాక్టు పోయిందిగా" అన్నాడు భర్త.

"నాకు తెలియాలి."

ఆరు ముక్కలని కొట్టి మీట నొక్కింది. క్యారియరు ఎవరూ విప్పలేదు. మొదట ఆకాశం ముక్క వచ్చింది, తర్వాత కొమ్మలు. కోత మచ్చ మీద కొంచెం ఎండ. తర్వాత గోడ, తెర. చివరికి గడ్డిమీద ఆకుల నీడ, ఒకదాని మీదొకటి, ఎవరూ లెక్కపెట్టలేనన్ని. కింద చిన్న అక్షరాల్లో ఖర్చు పడింది.

"ఎంతైంది?" అన్నాడు భర్త.

"నూట ముప్పై ఒకటి."

"బోడిదానికో?"

"నూట పది."

ఆయన మనసులో తీసివేసుకున్నాడు. "ఇరవై ఒకటి... ఇంతేనా?" అన్నాడు. ఏదో మంచి వార్త విన్నట్టు ఆయన గొంతులో ఊరట వినిపించింది.

వదిన తెరమీంచి చూపు తిప్పలేదు.

"కింద షాపులోకి ఎవరో వచ్చినట్టున్నారు, వెళ్లు" అంది.

ఎవరూ రాలేదని ఇద్దరికీ తెలుసు. ఆయన వెళ్లాడు.