పన్నెండో సంచిక

ఆ లిఫ్టు మెకానిక్కుకి యాభై రెండేళ్లు. పన్నెండో ఏట పట్టుకున్న సూపర్‌హీరో కామిక్స్ పిచ్చి ఇంకా వదల్లేదు. "చదవడానికి ఏదైనా మంచిది చెప్పు" అని ఎవరైనా నోరు జారితే చాలు, చేతిలో పానా పక్కన పెట్టి ఆరా మొదలెట్టేవాడు. ఏడిపించేవి కావాలా, కొట్టుకునేవి కావాలా? హీరో మంచివాడుగా ఉండాలా, తిక్కవాడైనా పర్లేదా? కాలి కొలత తీసుకోకుండా చెప్పు చూపించని దుకాణదారుడి వరస అతనిది.

అతనికి దీటుగా వాదించగలిగింది ఒక్క అన్నే. అన్న ఫైరింజన్ మీద పనిచేసేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మంచం మీద బోర్లా పడుకుని 'రాగిడేగ' పన్నెండు సంచికలూ చదివారు. అప్పుడు మొదలైన తగువు ఇద్దరి తలలూ నెరిసేదాకా నడిచింది. రాగిడేగ తొమ్మిదో సంచికలో చనిపోతాడు. పన్నెండోదాంట్లో తిరిగొస్తాడు.

"పోయినవాణ్ణి లేపుకొస్తే, వాడు పోయినదానికి అర్థమేముందిరా?" అనేవాడు అన్న.

"రాకపోతే ఇక కామిక్స్ ఎందుకన్నా? పేపరు చదువుకుంటే సరిపోదూ?" అనేవాడు తమ్ముడు.

ఎనిమిది నెలల కిందట అన్న తగలబడుతున్న గోదాములోకి వెళ్లి ఒక మనిషిని తెచ్చాడు. మళ్లీ వెళ్లి ఇంకొకణ్ణి తెచ్చాడు. మూడోసారి వెళ్లినవాడు రాలేదు. ఆ తర్వాత మెకానిక్ పుస్తకాల మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

అందుకే ఆ ఆదివారం వదిన తనంతట తానే అడిగేసరికి అతని కాళ్లు నేల మీద నిలవలేదు. వదిన ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. దారం సూదిలోకి ఎక్కిస్తూ అంది: "మీ అన్న చెబుతుంటే సగం విని సగం వదిలేసేదాన్ని. మీరిద్దరూ దేనికోసం అంత గొంతులు చించుకునేవాళ్లో చూడాలనుంది. ఏది ముందు చదవాలో నువ్వే చెప్పు."

మర్నాడు పనికి వెళుతూ పన్నెండు సంచికలూ సంచిలో పెట్టి ఇచ్చాడు. "వరసగా చదవండి వదినా. చివరి పేజీలు ముందే తిప్పి చూడకండి" అని మరీ మరీ చెప్పాడు.

పదకొండు గంటలకి అతను తొమ్మిదంతస్తుల ఆఫీసు కప్పు మీద, మోటారు గదిలో ఉన్నాడు. మోటారు మూత విప్పగానే మాడిన తీగచుట్ట వాసన గుప్పున కొట్టింది. ఎందుకో చెయ్యి ఆగిపోయింది. తొమ్మిదో సంచిక కళ్ల ముందుకొచ్చింది. రాగిడేగ చనిపోయేది నూలుమిల్లులో. మంటల్లో. మూడోసారి లోపలికి వెళ్లి.

నలభై ఏళ్లుగా చదివీ చదివీ, దాంట్లో ఏముందో చూడటమే మానేశాడు. అతనికి మిగిలిందల్లా ఆ తగువు. ఆ తగువే తీసుకెళ్లి ఇచ్చాననుకున్నాడు.

"అబ్బా, ఎంత పని చేశాను!"

"ఏమైంది? షాకు కొట్టిందా?" అన్నాడు తోటి మెకానిక్. ఉద్యోగంలో సీనియరు, అందరూ పెద్దాయన అంటారు.

సంగతి విని పెద్దాయన తల గోక్కున్నాడు. "పోన్లే, ఆ చచ్చినవాడు చివర్లో బతికొస్తాడన్నావుగా."

"అదే కదండీ నా భయం!"

ఫోను చేశాడు. ఎత్తలేదు. మిషను నడుస్తుంటే వదినకి ఫోను వినపడదు. లేదా మిషను ఆపి చదువుతోందేమో. ఇప్పుడు ఎన్నోదాంట్లో ఉందో? ఆరా? ఎనిమిదా? పోనీ వెళ్లొద్దామంటే లిఫ్టు ఆగి ఉంది, కింద జనం విసుక్కుంటున్నారు. బిగించిన మర మళ్లీ విప్పాడు. ఒక తీగ తప్పుగా కలిపాడు. పెద్దాయన చూసి సరిచేసి, "నీ చేతులిక్కడ, మనసెక్కడో. అలా పక్కన కూర్చో, నేను కానిస్తా" అన్నాడు. కూర్చోలేక మెట్ల మీదుగా కిందికి దిగాడు. మళ్లీ ఎక్కాడు. ఇంకోసారి ఫోను చేశాడు.

నాలుగింటికి పని తెమిలింది. చేతుల గ్రీజు కూడా సరిగ్గా కడుక్కోకుండా బస్సెక్కాడు. కనీసం పన్నెండోదైనా చదవకముందే తెచ్చేసుకోవాలి. ఏం చెప్పాలి? పేజీలు తప్పుగా కుట్టారనా? వేరేవాళ్లు అడిగారనా? ఏ అబద్ధమూ అతికేలా లేదు.

తలుపు తీసే ఉంది. మిషను మీద సగం కుట్టిన చొక్కా. కింద చాప మీద పన్నెండు సంచికలూ వరసగా పరిచి ఉన్నాయి. పక్కనే వదిన. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, నాకు బుద్ధి లేదు. అసలు ఆలోచించలేదు..."

"కూర్చో" అంది వదిన. "ముందు ఇది చెప్పు. అన్నిసార్లు మంటల్లోకి దూకాడే, భుజాల మీద ఆ తువ్వాలు ఎందుకంట? ముందు అంటుకునేది అదేగా?"

అతను తెల్లబోయాడు. "అది తువ్వాలు కాదు వదినా, కేప్..."

"ఏదైతేనేం, గుడ్డే కదా. ఎవరు కుట్టారది? ప్రతి సంచికలో చిరుగుతుంది, తర్వాతిదాంట్లో కొత్తదై వస్తుంది. ఎవరో కూర్చుని కుడితేనే కదా!" పదో సంచిక తీసి అతని ముందు పడేసింది. "వాడి పెళ్లాం ఇందులో ఉంది. ఎక్కడుందో వెతుకు."

వెతికాడు. అంత్యక్రియల పేజీలో ఒక మూల, ఒకే ఒక్క బొమ్మ. అదీ వీపు వైపు నుంచి.

"పదకొండులో ఊరంతా ఏడ్చింది, మేయరు కూడా ఏడ్చాడు. ఆవిడ లేదు. పన్నెండులో తలుపు తీసి నవ్వింది. అంతే!" వదిన గొంతు పెరిగింది. "వాడు వచ్చినందుకు కాదయ్యా నాకు కోపం. వస్తే రానీ. మూడోసారి ఎందుకెళ్లావని ఒక్క మాట అడగొద్దూ? నేనైతే తలుపు దగ్గరే నిలబెట్టి కడిగేసేదాన్ని."

"వెళ్లకపోతే హీరో ఎలా అవుతాడు వదినా?" నోరు దానంతటదే అనేసింది. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

వదిన అతని వంక చూసింది. "రెండుసార్లు వెళ్లినవాడు కాడా?" అంది.

అయినా అతను వాదన ఆపలేదు. వదిన ఊరుకోలేదు. గొంతులు పెరిగాయి, పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది. వదిన మధ్యలో ఒకసారి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, ఎక్కడ ఆపిందో అక్కడినుంచే అందుకుంది. వెళుతూ పుస్తకాలు తీసుకోబోతే పన్నెండోది ఇవ్వలేదు. "దీని మీద కోపం ఇంకా తీరలేదు" అంది.

ఇంటికెళ్లగానే ట్రంకుపెట్టెలు మూడూ గుమ్మరించాడు. "చల్లారిపోతోంది, తినరేం?" అని భార్య రెండుసార్లు పిలిచింది. అతనికి అన్నం సయించలేదు. పేజీలు తిరగేస్తూనే ఉన్నాడు. గుమ్మాల్లో నిలబడ్డ భార్యలు, కిటికీల దగ్గర ఎదురుచూసే తల్లులు, ఒక్క బొమ్మతో సరిపెట్టిన అక్కచెల్లెళ్లు. ఇన్నేళ్లూ ఎంతమందికి ఎన్ని పుస్తకాలు చెప్పాడో, వీళ్లనెవరినీ చూడలేదు. చివరికి అట్ట ఊడిన ఒక సంచిక దొరికింది. హీరో ఊళ్లోలేని వారం రోజులు అతని భార్య ఇల్లు ఎలా నడిపిందో చెప్పే కథ. ఒక్క దెబ్బలాట కూడా లేదని అన్నదమ్ములిద్దరూ ఒకేమాటగా తిట్టిన పుస్తకం.

పొద్దున్నే పట్టుకెళ్లాడు.

"ఇది అన్నకీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు" అన్నాడు గుమ్మంలో నిలబడి. "మీకు నచ్చుతుందని తేలేదు. ఏమంటారో విందామని."

వదిన పుస్తకం అందుకుని మిషను మీద పెట్టింది. "అది తర్వాత చూద్దాం. ముందు లోపలికి రా, పన్నెండో దాని సంగతి ఇంకా తేలలేదు" అంటూ కుర్చీ లాగింది.